వాళ్ళమ్మ పుస్తకంలో నీరజ

ఈ పని ఎలాంటిది

ఆడవాళ్ళు రాసుకున్న జీవితకథలు చదవడం, సరిచేయడం, అవసరమైతే ఇంగ్లీషులోకి తీసుకురావడం, అచ్చుకు పంపడం. నా ఉద్యోగమంతా ఇంతే. ఢిల్లీలో ఒక ప్రచురణ సంస్థలో చేరి అక్కడే రిటైరయ్యాను. చేరినప్పుడు ఆఫీసు పాత ఢిల్లీలో ఒక ఇరుకు మేడ మీద ఉండేది. తర్వాత నోయిడాకి మారి అద్దాల గదుల్లోకి వెళ్ళింది. పని మాత్రం మారలేదు.

ఈమధ్య ఈ ఉద్యోగంలో చేరబోతున్న ఇద్దరు తెలుగమ్మాయిలు మయూర్ విహార్‌లో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. "పని ఎలా ఉంటుంది మేడమ్?" అని అడిగారు. బాగానే ఉంటుందమ్మా అని చెప్పి, టీ ఇచ్చి పంపేశాను. ఆ రోజు ఓపిక లేదు. వాళ్ళకి చెప్పాల్సిన జవాబు ఇక్కడ రాస్తున్నాను.

అలసిపోతారు. కళ్ళు, మెడ సంగతి కాదు నేననేది. అవి ఏ ఉద్యోగంలోనైనా పోతాయి. రోజూ ఎవరో ఒకరి అమ్మ గురించి చదవాలి. పొద్దున ఒకావిడ తల్లి చనిపోతుంది. క్యాంటీన్‌లో రాజ్మా చావల్ తిని వచ్చేసరికి ఇంకొకావిడ తల్లి బతికే ఉండి, కూతుర్ని గుమ్మంలోంచే వెనక్కి పంపేస్తుంది. సాయంత్రం మెట్రోలో కడ్డీ పట్టుకుని నిలబడితే వాళ్ళిద్దరూ మన పక్కనే నిలబడతారు. ఇల్లు చేరాక సొంతవాళ్ళు ఫోన్ చేసి "తిన్నావా?" అంటే, దానికి జవాబు చెప్పే ఓపిక కూడా మిగలదు.

రెండో సంగతి. మీ ఎదురుగా కూర్చున్న ప్రతి రచయిత్రీ "నేను నిజమే రాశానండీ" అంటుంది. నమ్మండి. కావాలని అబద్ధం రాసినవాళ్ళని నేను ఒకరిద్దరిని తప్ప చూడలేదు. కానీ వంటింట్లో నిలబడినావిడకు కనిపించిన ఇల్లు వేరు, గుమ్మంలో కూర్చుని హోంవర్కు చేసుకుంటున్న పిల్లకు కనిపించిన ఇల్లు వేరు. పుస్తకం రాసేది ఒక్కరే. మిగతావాళ్ళు, వాళ్ళనెవరూ అడక్కుండానే, అందులోకి వచ్చి కూర్చుంటారు.

ఇది నాకు ఎవరూ నేర్పలేదు. రిటైరవడానికి కొద్దికాలం ముందు, సుభద్ర గారి పుస్తకం దగ్గర తెలిసింది.

మెహ్రా సాబ్ నియమం

ముందు మా బాస్ గురించి కాస్త చెప్పాలి. మెహ్రా సాబ్ చెడ్డమనిషి కాదు. పుస్తకాలంటే ప్రేమే. కాకపోతే జీవితకథల్లో ఆయన కన్నీళ్ళ కోసం వెతికేవాడు. నేను ఏ రాతప్రతి పూర్తిచేసినా ఆయన మొదటి ప్రశ్న ఒకటే: "లలితా జీ, ఎక్కడ ఏడ్చారు?" నేను ఏ పేజీ చెబితే ఆ పేజీ పుస్తకానికి మొదటి అధ్యాయం అయ్యేది. మొదట్లో నిజంగానే ఆలోచించి చెప్పేదాన్ని. తర్వాత్తర్వాత ఏడుపు రావడం మానేసింది. అయినా ఏదో ఒక పేజీ చెప్పేదాన్ని. ఆయనకి తేడా తెలిసేది కాదు.

ఆయన పెట్టిన ఒక నియమం మాత్రం నాకిష్టం. పుస్తకంలో ఉన్న కుటుంబసభ్యుల్లో ఎవరైనా బతికి ఉంటే, వాళ్ళ ప్రస్తావన ఉన్న పేజీలు అచ్చుకు ముందే వాళ్ళకు చూపించి సంతకం తీసుకోవాలి. లక్నో నుంచి ఒకావిడ రాసిన పుస్తకం చదివి వాళ్ళన్నయ్య లాయరుని వెంటబెట్టుకుని ఆఫీసుకొచ్చి గొడవ చేశాక పెట్టిన నియమం అది. భయంతోనే పెట్టాడు. అయినా మంచి నియమం. మీరు చేరిన చోట అలాంటిది లేకపోతే, మీ మటుకు మీరైనా పెట్టుకోండి.

సరోజినీ నగర్‌లో ఒక క్వార్టరు

సుభద్ర గారిది బాపట్ల. పెళ్ళయ్యాక ఢిల్లీ వచ్చారు. భర్త కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి. సరోజినీ నగర్‌లో రెండు గదుల క్వార్టరు. ఆవిడ ఒక బడిలో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పేవారు. భర్త రిటైరయ్యాక మయూర్ విహార్‌లో ఫ్లాటు తీసుకున్నారు. నాకు పరిచయమయ్యేనాటికి ఆయన పోయి కొన్నేళ్ళయింది. ఆవిడ ఒక్కరే ఉండేవారు. ఒక్కగానొక్క కూతురు నీరజ, నోయిడాలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం, అక్కడే భర్తతో కాపురం.

ఆవిడ తన కథ తెలుగులో రాశారు. దాన్ని నేను ఇంగ్లీషు చేయాలి. చదవడం మొదలుపెట్టిన గంటలోనే మంచి పుస్తకం దొరికిందని అర్థమైంది. ఆవిడకి రాయడం వచ్చు. తన గురించి తాను జాలిపడకుండా రాయడం వచ్చు. అది చాలా కొద్దిమందికే వస్తుంది.

పుస్తకానికి గుండెకాయ లాంటి సంఘటన ఇది. ఒక ఆదివారం పొద్దున, పక్క క్వార్టరువాళ్ళ ఫోనుకి బాపట్ల నుంచి కబురొచ్చింది. సుభద్ర గారి తల్లి చనిపోయింది. ఫోన్ తీసుకున్నది భర్త. ఆ మధ్యాహ్నం ఆయన పై ఆఫీసరు కుటుంబంతో సహా భోజనానికి రావాల్సి ఉంది. ఆయన ఇంట్లోకొచ్చి "ఆఫీసు ఫోను" అని చెప్పి ఊరుకున్నాడు. సుభద్ర గారు వంట చేశారు. ఆఫీసరు భార్యకి కొసరి కొసరి వడ్డించారు. గోంగూర పచ్చడి ఎలా చేస్తారో నవ్వుతూ చెప్పారు. వాళ్ళు వెళ్ళిపోయి, ఆవిడ గిన్నెలు తోముతుంటే, అప్పుడు చెప్పాడు. "ముందే చెబితే నువ్వు వండగలిగేదానివా?" అని కూడా అన్నాడు.

రైలెక్కి వెళ్ళేసరికి తల్లి దహనం అయిపోయింది. తిరిగొచ్చాక ఆవిడ భర్తతో మాట్లాడటం మానేశారు. ఆయనకీ పంతం. ఆయనా మానేశాడు. దాదాపు పదేళ్ళు, ఆ రెండు గదుల్లో, ఒకరితో ఒకరు ఒక్క మాట లేదు. ఏది చెప్పాలన్నా నీరజ. "మీ నాన్నకి చెప్పు, గ్యాస్ అయిపోయిందని." "మీ అమ్మకి చెప్పు, ఆదివారం డ్యూటీ ఉందని." మౌనం మొదలైనప్పుడు ఆ పిల్లకి ఏడేళ్ళు ఉంటాయేమో.

సుభద్ర గారు దాన్ని పంతంగా రాయలేదు. తన పరువు నిలుపుకోవడంగా రాశారు. నాకూ అలాగే అనిపించింది. ఆవిడ ఎందుకు విడిపోలేదో కూడా రాశారు. ఆయన అప్పుడప్పుడూ పిల్లచేత ఒక మంచిమాట పంపేవాడట. 'వంకాయ కూర బాగుందట.' 'నీలం చీర నీకు నప్పిందట.' ఒకసారి ఆవిడకి గర్భసంచి తీసే ఆపరేషన్ అయితే, ఆయన వార్డు బయట బెంచీ మీద కూర్చుని పిల్లని లోపలికి పంపాడట. పిల్ల వచ్చి, "నువ్వు లేకపోతే ఇల్లు ఇల్లులా లేదన్నాడు నాన్న" అందట. 'ఆ మాటలే నన్ను ఆ ఇంట్లో నిలబెట్టాయి. మొహం చూసి చెప్పలేని మనిషి అలా చెప్పుకున్నాడు' అని రాశారు సుభద్ర గారు.

నీరజ కాలేజీ హాస్టలుకి వెళ్ళిపోయిన రోజు సాయంత్రం, కబురు పంపడానికి ఇంట్లో ఎవరూ లేక, ఆయన నేరుగా ఆవిణ్ణే "పెరుగుందా?" అని అడిగాడట. ఆవిడ "ఉంది" అన్నారట. మౌనం అక్కడితో తీరిపోయింది. దాన్ని ఆవిడ సరదాగా రాశారు. చదువుతూ నేను నవ్వాను కూడా.

తర్వాతి అధ్యాయం నీరజ భాష గురించి. కూతురికి తెలుగంతా అర్థమవుతుంది, కానీ పెద్దదయ్యాక నోటివెంట ఒక్క తెలుగు ముక్క రాదు, ఏది అడిగినా హిందీలోనే జవాబు. 'నా బిడ్డ నోట్లోంచి నా భాషని ఈ ఊరు తీసేసుకుంది' అని మొదలయ్యే అధ్యాయం. మెహ్రా సాబ్ నా ఇంగ్లీషులో అది చదివి, నన్ను ఏమీ అడక్కుండానే, "ఇదే మొదటి అధ్యాయం" అన్నాడు. ఆయన పంజాబీ. ఆయన పిల్లలకి పంజాబీ రాదు.

నీరజ చెప్పింది

నియమం ప్రకారం ఇంగ్లీషు పేజీలు నీరజకి పంపాను. ఆమెకి తెలుగు చదవడం రాదు. వాళ్ళమ్మ రాసింది ఆమె మొదటిసారి చదివింది నా ఇంగ్లీషులోనే.

వారం తర్వాత ఆమె మా ఆఫీసుకి వచ్చింది. నలభై దాటిన మనిషి, మెడలో ఇంకా ఆఫీసు కార్డు. కూర్చుని, మంచినీళ్ళు తాగి, "ఆంటీ, ఏక్ బాత్ పూఛూఁ? ఆప్ హఁసీ థీ క్యా?" అంది. ఒక మాట అడుగుతాను, మీరు నవ్వారా, అని.

"ఎక్కడ?"

"పెరుగు దగ్గర."

నవ్వానని చెప్పాను.

ఆ తర్వాత ఆమె మాట్లాడిందంతా హిందీలో, మధ్యమధ్య ఇంగ్లీషులో. నాకు గుర్తున్నంత మటుకు తెలుగులో రాస్తున్నాను.

"నేను వెళ్ళిపోయిన రోజే మాట్లాడుకున్నారని నాకిప్పటిదాకా తెలియదు ఆంటీ. సెలవులకి ఇంటికొచ్చేసరికి మామూలుగా మాట్లాడుకుంటున్నారు. ఎలా, ఎప్పుడు అని ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇప్పుడు చదివాను. అంటే వాళ్ళు ఎప్పుడైనా మాట్లాడుకోగలిగేవాళ్ళే. నేనున్నాను కాబట్టి అవసరం పడలేదు, అంతే."

గ్లాసులో మిగిలిన నీళ్ళు తాగేసింది.

"ఆ పదేళ్ళూ నేనేం చేశానో మమ్మీకి తెలియదు. పాపా 'మీ అమ్మకి చెప్పు, ఈ కూర గడ్డిలా ఉందని' అనేవాడు. నేను వంటింటి గుమ్మం దాకా వెళ్ళేలోపు ఆలోచించుకోవాలి. ఉన్నదున్నట్టు చెబితే మమ్మీ ఆ పూట తినదు. అందుకని 'కూర బాగుందట, కొంచెం ఉప్పు కావాలట' అనేదాన్ని. మమ్మీ 'మీ నాన్నకి చెప్పు, నేను ఈ ఇంటి పనిమనిషిని కానని' అనేది. నేను వెళ్ళి 'అమ్మకి ఒంట్లో బాలేదట' అని చెప్పేదాన్ని. నీలం చీర సంగతి పాపాకి తెలియనే తెలియదు. ఆ రోజు మమ్మీ దిగులుగా ఉంది. నేనే అన్నాను."

ఆమె బల్లమీది పేజీలను సర్దింది. అవి సర్దుకునే ఉన్నాయి.

"ఇక తెలుగు సంగతి. ఢిల్లీ తీసేసుకుందని రాసింది మమ్మీ. ఢిల్లీ ఏం తీసుకోలేదు ఆంటీ. ఇంట్లో తెలుగులో నేను మాట్లాడినవన్నీ వాళ్ళ మాటలే. 'అమ్మ ఇలా అంది, నాన్న అలా అన్నాడు.' నాకేదైనా కావాలంటే బయట, స్నేహితులతో, హిందీలో అడిగేదాన్ని. ఇప్పటికీ తెలుగులో నోరు తెరవబోతే, ఎవరిదో మాట మోసుకుని ఆ గుమ్మంలో నిలబడ్డట్టే ఉంటుంది. గొంతు పట్టేస్తుంది."

ఈ ఉద్యోగంలో నేను చాలా కథలు విన్నాను. ఎలాంటిది విన్నా మొహం మామూలుగా ఉంచుకోవడం అలవాటైపోయింది. ఆ రోజు మాత్రం లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, పరదా సర్దుతున్నట్టు కాసేపు అక్కడే నిలబడ్డాను.

"పుస్తకం ఆపమంటావా?" అని అడిగాను.

"వద్దు. మమ్మీ చాలా కష్టపడి రాసింది. కానీ ఆ అధ్యాయం అలా వస్తే నేను సంతకం పెట్టను. ఎందుకో మీరే మమ్మీకి చెప్పండి. నా వల్ల కాదు."

మధ్యలో మనిషి

మరుసటి రోజు సాయంత్రం సుభద్ర గారింటికి వెళ్ళాను. ఆవిడ బాల్కనీలో కరివేపాకు కుండీకి నీళ్ళు పోస్తున్నారు.

"నీరజకి ఒక అధ్యాయం మీద అభ్యంతరం ఉందండీ," అన్నాను.

"ఏంటంట?"

"మీతోనే చెబుతుంది."

"అది నాతో ఏం చెబుతుంది లలితా? నేను తెలుగులో అడుగుతా, అది హిందీలో రెండు ముక్కలు చెప్పి ఫోన్ పెట్టేస్తుంది. నువ్వే చెప్పు, ఏమందో." ఆవిడ చెంబు పక్కన పెట్టి నా వైపు తిరిగారు. "దానికి చెప్పు, ఇది నా పుస్తకమని. నా ఇష్టమొచ్చింది రాసుకుంటానని చెప్పు. నచ్చకపోతే చదవొద్దని చెప్పు."

నాలుగుసార్లు 'చెప్పు' అన్నారు ఆవిడ. ఒకప్పుడు వంటింటి గుమ్మంలో ఆ పిల్ల నిలబడినట్టే నేనూ నిలబడి ఉన్నానని అప్పుడు తోచింది. పైగా నేనూ అప్పటికే మాటలు ఏరుకుంటున్నాను. నీరజ అన్నదాన్ని ఎంత మెత్తగా చెప్పాలి, ఏది దాచాలి అని దారిపొడవునా ఆలోచించుకునే వచ్చాను.

"నేను చెప్పనండీ," అన్నాను.

"అదేంటి?"

"అటు మాట ఇటు, ఇటు మాట అటు మోసే వయసు నాది కాదు. అసలు ఎవరిదీ కాదు. మీరే వెళ్ళి అడగండి."

ఆవిడకి కోపమొచ్చింది. "నీకిచ్చే జీతం దేనికి మరి?" అన్నారు.  గుమ్మం దాటబోతూ ఒక్క మాట అన్నాను. "తెలుగు ఎందుకు మాట్లాడవని మీరు దాన్ని ఎప్పుడైనా అడిగారా?"

"అడిగేదేముంది? ఇక్కడ పెరిగిన పిల్లలంతా అంతేగా," అన్నారు ఆవిడ. కానీ గొంతు మొదట్లో ఉన్నంత గట్టిగా లేదు.

ఇంటికొచ్చాక నాకు భయమేసింది. పదేళ్ళు మాట్లాడకుండా ఉండగలిగిన మనిషి. ఇప్పుడు కూతురితో కూడా మానేస్తే? మెహ్రా సాబ్‌కి సంగతి చెబితే ఆయన తల పట్టుకుని, "లలితా జీ, మీరు మధ్యలో ఉండి సర్దాలి కదా, అది మీ పనే కదా" అన్నాడు. నిజమే. నా పనే. అన్నేళ్ళుగా చేస్తున్నది అదే. ఆ ఒక్కసారి మాత్రం చేయదలుచుకోలేదు.

కొన్నాళ్ళు ఏ కబురూ లేదు. ఒక ఆదివారం పొద్దున సుభద్ర గారు ఫోన్ చేశారు. "నోయిడా వెళ్దాం, రా. నువ్వు నోరు తెరవక్కర్లేదు. మెట్రోలో ఆ కదిలే మెట్లంటే నాకు భయం, చెయ్యి పట్టుకుంటే చాలు."

నోయిడాలో ఆ మధ్యాహ్నం

నీరజ భర్త బయటికి వెళ్ళాడు. ఆమె ఒక్కతే ఉంది. మమ్మల్ని చూసి కంగారుపడి, సోఫా మీద ఆరేసిన బట్టలు తీసేసింది. సుభద్ర గారు కూర్చున్నారు. చెప్పు ఒరిసి నొప్పిపుట్టిన కాలిని కాసేపు రుద్దుకున్నారు.

"నా పుస్తకంలో నీకు నచ్చనిదేంటి?" అని తెలుగులో అడిగారు.

నీరజ నావైపు చూసింది. "ఆంటీ, ఆప్ బతా దీజియే నా." మీరే చెప్పండి, అని.

నేను తల అడ్డంగా ఊపాను.

సుభద్ర గారు చెయ్యెత్తి కూతుర్ని ఆపారు. తర్వాత, అన్నేళ్ళు సరోజినీ నగర్ బజారులో కూరగాయలవాళ్ళతో, దర్జీతో మాట్లాడి నేర్చుకున్న హిందీలో అన్నారు. "ఆంటీ కో నహీ. మేరే కో బోలో. మై సునేగీ." ఆంటీకి కాదు, నాకు చెప్పు, నేను వింటాను, అని.

నీరజ చేతిలోని బట్టలు పక్కన పెట్టింది. తర్వాత చాలా మెల్లగా, వాళ్ళమ్మ వ్యాకరణం దిద్దుతూ, "సునూఁగీ, మమ్మీ. సునేగీ నహీ," అంది.

"వహీ. సునూఁగీ. బోలో." అదే, వింటాను, చెప్పు, అని.

నీరజ చెప్పింది. నాతో చెప్పినంత సాఫీగా కాదు. అక్కడక్కడా ఆగింది. ఒకచోట లేచి వంటింట్లోకి వెళ్ళి, ఊరికే తిరిగొచ్చింది. గడ్డిలా ఉందన్న కూర గురించి చెప్పింది. గుమ్మం దాకా నడిచేలోపు మాటలు మార్చుకోవడం గురించి, నోరు తెరిస్తే గొంతు పట్టేయడం గురించి చెప్పింది. సుభద్ర గారు మధ్యలో ఒక్కసారి కూడా అడ్డురాలేదు. సమర్థించుకోలేదు. సమర్థించుకుంటారనే నేననుకున్నాను, అది జరగలేదు.

అంతా అయ్యాక ఆవిడ కొంగు వేలికి చుట్టుకుంటూ, హిందీలోనే, ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టారు.

"వంకాయ కూర?"

"మైనే బోలా థా." నేనే అన్నాను.

"నీలీ సాడీ?"

"మైనే."

"నా టీచరమ్మ ఉద్యోగం చూసి గర్వంగా ఉందన్నది?" ఇది తెలుగులో వచ్చేసింది ఆవిడకి.

"మైనే, మమ్మీ."

నీరజ ఏడుస్తోంది. సుభద్ర గారు ఏడవడం లేదు. ఇంట్లోంచి ఒక్కొక్క సామానూ బయటికి మోసుకుపోతుంటే చూస్తూ కూర్చున్నవాళ్ళ మొహంలా ఉంది ఆవిడ మొహం. భర్త మిగిల్చి వెళ్ళిన మంచిమాటలన్నీ, ఆవిడ ముసలితనానికి దాచుకున్నవి, ఒక చిన్నపిల్ల ఆ రెండు గదుల మధ్య నడుస్తూ అల్లినవని తెలుస్తోంది.

చివరికి ఆవిడ ఆస్పత్రి సంగతి దగ్గరికి వచ్చారు. ఆ మాట అడగకుండా ఉంటే బాగుండునని నాకనిపించింది.

"హాస్పిటల్ మే... 'నువ్వు లేకపోతే ఇల్లు ఇల్లులా లేదు' అన్నది?"

నీరజ కళ్ళు తుడుచుకుంది. వాళ్ళమ్మ మొహంలోకి సూటిగా చూసింది.

"వో పాపా నే కహా థా," అంది. అది మాత్రం నాన్న అన్నాడు.

సుభద్ర గారు చాలాసేపు ఆమెని చూశారు. తర్వాత చెయ్యి చాపి కూతురి చేతిని తన ఒళ్ళో పెట్టుకున్నారు. "ఛోటా బచ్చీ థా తుమ్," అన్నారు. చిన్నపిల్లవి నువ్వు, అని. వ్యాకరణం అంతా తప్పు. ఈసారి నీరజ సరిదిద్దలేదు.

నేను లేచి వచ్చేశాను. తిరుగు ప్రయాణంలో సుభద్ర గారి చెయ్యి పట్టుకోవాల్సిన అవసరం నాకు రాలేదు. సాయంత్రం నీరజే దింపిందట.

పుస్తకం సంగతి

భాష మీది అధ్యాయం సుభద్ర గారు తీసేశారు. మెహ్రా సాబ్‌కి ప్రాణం పోయినంత పనైంది. "అందులో ప్రతి తల్లీ తనని చూసుకునేది," అన్నాడు. నిజంగానే చూసుకునేవారు. తప్పుగా చూసుకునేవారు. దాని స్థానంలో ఆవిడ చిన్న అధ్యాయం రాసిచ్చారు. తమ ఇంట్లో తన భర్త మంచితనాన్ని తమ పాప తయారుచేసేదని, ఆ సంగతి తెలియక తాను దాన్ని తిని బతికానని, ఆ పాప ఏం తిని బతికిందో తాను అడగలేదని. రెండున్నర పేజీలు. నేను ఒక్క మాట కూడా మార్చలేదు.

పుస్తకం వచ్చింది. గొప్పగా ఏమీ అమ్ముడుపోలేదు. ఒకటి రెండు పత్రికల్లో నాలుగు మంచిమాటలు రాశారు. తల్లీకూతుళ్ళ మధ్య అంతా చక్కబడిపోయిందని కూడా చెప్పను. సుభద్ర గారికి ఇప్పటికీ మాట పడితే అలగడం అలవాటే. నీరజ తెలుగు మాట్లాడటం మొదలుపెట్టలేదు, ఆవిడ మాట్లాడమని అడగడమూ లేదు. ఫోన్‌లో ఇద్దరూ హిందీలోనే పోట్లాడుకుంటారు. పోట్లాట మధ్యలో ఆవిడకి మాట దొరక్క ఆగితే నీరజే ఆ మాట అందిస్తుందట. పోట్లాట మళ్ళీ సాగుతుందట.

కొత్తగా వచ్చే పిల్లలకి నేను చెప్పగలిగింది కొంచెమే. రాసినావిడ పక్షాన ఉండండి, కానీ ఆవిడ ఒక్కర్తే ఆ ఇంట్లో లేదని గుర్తుంచుకోండి. ఎక్కువ ఏడిపించే అధ్యాయాన్ని ఎక్కువ అనుమానించండి. ఇద్దరి మధ్య మాట మోయమంటే, మోయగలిగినా మోయకండి. ఇవన్నీ చేసినా అలసట తప్పదు. నాకు తప్పలేదు.

ఇంకొక్కటి. నిజమా కాదా అని అడగడం మన పనిలో భాగం. ప్రతి వాక్యం పక్కనా పెన్సిలుతో ప్రశ్నార్థకం పెట్టడం నాకు వేళ్ళకి అలవాటైపోయింది. అచ్చుకి వెళ్ళే ముందు చివరిసారి చూడమని నీరజకి పేజీలన్నీ ఇచ్చాను. ఆమె మా ఆఫీసులోనే కూర్చుని చదివింది. వంకాయ కూర, నీలం చీర, ఉద్యోగం గురించిన మాట, అన్నీ కొత్త అధ్యాయంలో తన పేరుమీదికి వచ్చేశాయి. ఆస్పత్రి మాట మాత్రం పాతచోటే, వాళ్ళ నాన్న మాటగానే ఉంది.

ఆమె ఆ వాక్యం మీద వేలు పెట్టింది. "యే రహ్‌నే దీజియే, ఆంటీ," అంది. ఇది ఇలాగే ఉండనివ్వండి, అని.

నా చేతిలో పెన్సిలుంది. అడగబోయాను. ఆమె మొహం చూసి, పెన్సిలు బల్లమీద పెట్టి, పేజీ తిప్పాను.